నాలుక చాపినవాడికి హాల్ ఆఫ్ ఫేమా? బ్రాడ్ మార్షాండ్ లెక్క

2018 ప్లేఆఫ్స్‌లో బోస్టన్ బ్రూయిన్స్ అనే ఐస్ హాకీ జట్టు ఆటగాడు బ్రాడ్ మార్షాండ్ ఎదుటి జట్టువాళ్ల మొహం నాకాడు. తోపులాటలో పొరపాటున తగిలిందేమో అనుకోడానికి లేదు, నిజంగానే నాలుక చాపి నాకాడు. మొదటి రౌండ్‌లో టొరంటో ఆటగాడు లియో కొమరావ్‌ని, ఆ తర్వాతి రౌండ్‌లో టాంపా బే ఆటగాడు రయన్ కాలహాన్‌ని. కర్రతో కొడితే ఏం చేయాలి, తలకి గురిపెట్టి గుద్దితే ఏం చేయాలి అని అన్నీ ఆలోచించి పెట్టుకున్న ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కి, నాకితే ఏం చేయాలో మాత్రం వెంటనే తోచలేదు. చివరికి ఆఫీసు నుంచి ఫోన్ చేసి, ఇక ఆపు నాయనా అని చెప్పాల్సి వచ్చింది. ఏడేళ్లు తిరిగాక, 2025 జూన్‌లో, అదే మనిషి 37 ఏళ్ల వయసులో ఫ్లోరిడా ప్యాంథర్స్ జెర్సీలో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ని రెండోసారి ఎత్తాడు. అప్పటి నుంచి హాకీ అభిమానుల్లో ఒకటే పేచీ. రిటైరయ్యాక ఇతనికి, ఆటలో గొప్పవాళ్లని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు ఇవ్వాలా, వద్దా?

ఇది మంచు మీద ఆడే హాకీ సంగతి. హాకీ అనగానే మన దగ్గర ధ్యాన్‌చంద్ గుర్తొస్తాడు గానీ, కెనడాలో ఆ మాటకి అర్థం ఐస్ హాకీ ఒక్కటే. దాని హాల్ ఆఫ్ ఫేమ్ టొరంటో నడిబొడ్డున, యంగ్ స్ట్రీట్, ఫ్రంట్ స్ట్రీట్ కలిసే మూల మీద, 1885 నాటి పాత బ్యాంకు భవనంలో ఉంది. అది టొరంటోలో ఉండటమే ఈ కథలో ఒక తమాషా, ఎందుకంటే ఆ ఊరి జట్టుని మార్షాండ్ ఏడిపించినంతగా ఈ తరంలో ఇంకెవరూ ఏడిపించలేదు. ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఆఖరి మ్యాచ్ దాకా వచ్చి, ఓడినవాడు ఇంటికే అన్న స్థితిలో, అతను టొరంటో మీద 5 సార్లు ఆడి 5 సార్లూ గెలిచాడు. 2013, 2018, 2019, 2024లో బోస్టన్ తరఫున, 2025లో ఫ్లోరిడా తరఫున. జట్టు మారినా ఫలితం మారలేదు. ఆ చివరిది టొరంటో సొంత మైదానంలో 6–1.

ఎంపిక ఎలా జరుగుతుందో చూస్తే గొడవ ఎక్కడుందో తెలుస్తుంది. కమిటీలో 18 మంది ఉంటారు, కనీసం 14 ఓట్లు పడితేనే చోటు. ఏడాదికి పురుష ఆటగాళ్లు గరిష్ఠంగా నలుగురే. ఆట మానేశాక 3 సీజన్లు గడిస్తేనే పేరు పరిశీలనకు వస్తుంది. ఓటింగ్ రహస్యం. ఎవరికి ఎన్ని పడ్డాయో, ఎవరు ఎందుకు వద్దన్నారో బయటికి చెప్పరు. ఇన్ని గోల్స్ కొడితే చోటు ఖాయం అన్న గీత ఏదీ లేదు. నిబంధనల్లో ఉన్నది నాలుగు మాటలే: ఆటలో సత్తా, క్రీడాస్ఫూర్తి, వ్యక్తిత్వం, జట్టుకీ మొత్తం ఆటకీ చేసిన మేలు. ఆ రెండో మాట దగ్గరే మార్షాండ్ బండి ఆగుతుంది. మొదటి మాట దగ్గర కూడా అంత నున్నగా ఏమీ సాగదు, అందుకే ముందు అదే చూడాలి.

మార్షాండ్‌ది హాలిఫాక్స్, కెనడా తూర్పు తీరంలో నోవా స్కోషియా. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, ఈ ఆటకి పొట్టి కిందే లెక్క. 2006 డ్రాఫ్ట్‌లో, అంటే కుర్ర ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, బోస్టన్ అతన్ని మూడో రౌండ్‌లో, 71వ స్థానంలో తీసుకుంది. 2009–10లో 20 మ్యాచ్‌లు ఆడిస్తే ఒక్క గోల్ కూడా కొట్టలేదు. మరుసటి ఏడాది మాత్రం 21 గోల్స్ కొట్టి, ప్లేఆఫ్స్‌లో ఇంకో 11 కొట్టి, వాంకూవర్‌లో జరిగిన ఫైనల్ ఏడో మ్యాచ్‌లో 2 గోల్స్ వేసి కప్పు పట్టుకెళ్లాడు. అయినా అప్పటికీ అతన్ని ఎవరూ స్టార్ అనలేదు. చిరాకు పెట్టేవాడు, గిల్లి గొడవ తెచ్చేవాడు, మధ్యలో గోల్స్ కూడా కొట్టేవాడు, అంతే. వైట్‌హౌస్‌కి కప్పు తీసుకెళ్లినప్పుడు సాక్షాత్తూ ఒబామానే అతని ముద్దుపేరు చదివి, ఇదేం పేరయ్యా అని ఆటపట్టించాడు. ఆ పేరుకి అర్థం దాదాపుగా ‘ద్వేషం నిండిన చిన్న బంతి’. 27 ఏళ్లు వచ్చేదాకా ఏ సీజన్‌లోనూ అతను 28 గోల్స్ దాటలేదు, 55 పాయింట్లు దాటలేదు. ఈ ఆటలో గోల్ కొట్టినా పాయింటే, గోల్‌కి పాస్ అందించినా పాయింటే, అది గుర్తుంటే చాలు.

మామూలుగా వింగర్లకి, అంటే పక్కల నుంచి దాడి చేసేవాళ్లకి, 27, 28 ఏళ్లకి శిఖరం వచ్చి, అక్కణ్నుంచి దిగుడు మొదలవుతుంది. ఇతని విషయంలో అక్కడే ఎక్కుడు మొదలైంది. 2015–16లో 37 గోల్స్. ఆ పై ఏడాది 39 గోల్స్, 85 పాయింట్లు. 2017–18లో 68 మ్యాచ్‌లే ఆడి మళ్లీ 85. 2018–19లో సరిగ్గా 100. 2016–17 నుంచి 2021–22 దాకా ఆరు సీజన్లు కూడితే 420 మ్యాచ్‌ల్లో 198 గోల్స్, 506 పాయింట్లు, అంటే మ్యాచ్‌కి 1.2. ఆ ఆరేళ్లలో లీగ్ మొత్తానికి ఉత్తమ లెఫ్ట్ వింగర్‌గా రెండు సార్లు ఫస్ట్ ఆల్‌స్టార్ టీమ్‌లో, రెండు సార్లు సెకండ్ టీమ్‌లో ఉన్నాడు. ఒవెచ్కిన్, పనారిన్ లాంటి వాళ్లు అదే స్థానంలో ఆడుతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. అతని కేసుకి అసలు బలం ఈ ఆరేళ్లే. రెండు కప్పులు ఉన్నాయి కదా అని వాదించేవాళ్లు బలహీనమైన సాక్ష్యాన్ని ముందు పెడుతున్నట్టు లెక్క, ఎందుకంటే రెండేసి కప్పులు గెలిచి హాల్ గడప కూడా తొక్కనివాళ్లు బోలెడు మంది ఉన్నారు.

గోల్స్ పట్టికలో సరిగ్గా కనపడనిది ఇంకొకటుంది. ఐస్ హాకీలో ఫౌల్ చేసినవాడు రెండు నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటాడు, అంతసేపూ ఆ జట్టు ఒక మనిషి తక్కువగా ఆడాలి. అప్పుడు ఎవరైనా చేసేది ఒకటే, గోల్ పడకుండా కాచుకోవడం, పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) దొరికితే అవతలి చివరికి కొట్టేసి ఊపిరి పీల్చుకోవడం. ఆ స్థితిలో ఎదురు గోల్ కొట్టడమంటే కబడ్డీలో ముగ్గురే మిగిలినప్పుడు రైడర్‌ని పట్టేసే సూపర్ ట్యాకిల్ లాంటిది, ఒక్క దెబ్బకి ఆట గాలి మారిపోతుంది. బోస్టన్ తరఫున మార్షాండ్ అలాంటివి 36 కొట్టాడు. బోస్టన్ చరిత్రలో అది రికార్డు, అదీ వందేళ్లు దాటిన క్లబ్‌లో. వాటిలో చాలా వరకు ఒకే తీరు: ఎదుటివాడు మంచు మీది నీలి గీత (బ్లూ లైన్) దగ్గర పాస్ ఇవ్వబోతాడని ఒక క్షణం ముందే పసిగట్టి, కర్ర అడ్డం పెట్టి, పక్ లాక్కుని ఒంటరిగా పరుగు. అతని చేష్టలు చూసి తలలేనివాడు అనుకునేవాళ్లు ఈ గోల్స్ వరసపెట్టి చూస్తే మంచిది. ఆటని చదవడంలో అతనికి తిరుగులేదు.

2016 వరల్డ్ కప్ ఫైనల్ కూడా ఇదే కోవ. క్రాస్బీ, బెర్జరాన్‌లతో ఒకే లైన్‌లో, అంటే కలిసి దాడికి దిగే ముగ్గురిలో ఒకడిగా, ఆడుతున్నాడు. యూరప్ జట్టు మీద రెండో మ్యాచ్, స్కోరు 1–1, కెనడా ఒక మనిషి తక్కువతో ఆడుతోంది, గడియారంలో ఇంకా ముప్పావు నిమిషం లేదు. అందరూ ఓవర్‌టైమ్‌కి సిద్ధమైపోతుంటే మార్షాండ్ షాట్ కొట్టాడు, పక్ లోపల పడింది, కప్పు కెనడాది. ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ గోల్స్ కూడా అతనివే, 5. చిరాకు పెట్టే మనిషి కాస్తా పెద్ద ఆటగాడు అని బోస్టన్ బయట జనం ఒప్పుకున్నది అప్పుడే.

ఇక ప్లేఆఫ్స్. 2025 కప్ నాటికి 180 ప్లేఆఫ్ మ్యాచ్‌లు, 66 గోల్స్, 158 పాయింట్లు. 2011 ఫైనల్‌లో 5 గోల్స్, 14 ఏళ్ల తర్వాత 2025 ఫైనల్‌లో 6. ఆ రెండో ఫైనల్ కథే వేరు. ఆ ఏడాది మార్చి 7న, గాయంతో ఉన్న 36 ఏళ్ల కెప్టెన్‌ని బోస్టన్ ఒక డ్రాఫ్ట్ పిక్‌కి ఫ్లోరిడాకి ఇచ్చేసింది. రెండో రౌండ్ పిక్, ఫలానా షరతులు కలిస్తే మొదటి రౌండ్‌ది అవుతుంది. అంటే మార్కెట్ అతని పని అయిపోవచ్చిందనే లెక్కేసింది. ఫ్లోరిడాలో అతన్ని మూడో లైన్‌లో, లుండెల్, లువోస్తారినెన్ అనే ఇద్దరు ఫిన్లాండ్ కుర్రాళ్లతో వేశారు. వాళ్లతోనే 23 మ్యాచ్‌ల్లో 10 గోల్స్, 20 పాయింట్లు. టొరంటో సిరీస్‌లో ఫ్లోరిడా 0–2తో వెనకబడి ఉన్నప్పుడు మూడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో గోల్ వేసి దాన్ని నిలబెట్టింది అతనే. ఎడ్మంటన్‌తో ఫైనల్ రెండో మ్యాచ్‌లో మనిషి తక్కువగా ఉన్నప్పుడు ఒకటి, రెండో ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ ఒకటి. అయిదో మ్యాచ్‌లో ఇంకో రెండు. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ సామ్ బెనెట్‌కి వెళ్లింది, అందులో తప్పేం లేదు, అతను 15 గోల్స్ కొట్టాడు. ఏడాది కిందట ఇదే బెనెట్ దెబ్బకి మార్షాండ్ రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. హాకీలో బంధుత్వాలు ఇలాగే ఉంటాయి.

ఆ 2025 వసంతం అతని కేసుకి ఎందుకంత ముఖ్యమంటే, అప్పటిదాకా వ్యతిరేకుల చేతిలో ఒక గట్టి వాదన ఉండేది. బెర్జరాన్ పక్కన ఆడితే ఎవరైనా ఆడతారు అని. ప్యాట్రిస్ బెర్జరాన్ అంటే ఆటకి రెండు చివరలా సమానంగా ఆడే ఫార్వర్డ్‌కి ఇచ్చే సెల్కీ ట్రోఫీని 6 సార్లు గెలిచినవాడు, అతని అర్హత గురించి ఎవరికీ పేచీ లేదు. అటువైపు పాస్టర్నాక్ లాంటి గోల్స్ యంత్రం. మధ్యలో మార్షాండ్ ఊరికే కొట్టుకొచ్చాడు అనేవాళ్లు. నిజానికి బెర్జరాన్ రిటైరయ్యాక, 2023–24లోనే, కెప్టెన్‌గా 82 మ్యాచ్‌లూ ఆడి 67 పాయింట్లు తెచ్చాడు. ముందటి ఏడాది బెర్జరాన్‌తో కలిసి తెచ్చినవీ అన్నే. అయినా ఎవరూ పట్టించుకోలేదు. ఫ్లోరిడాలో పేరు లేని మూడో లైన్‌తో కప్పు కొట్టాక మాత్రం ఆ వాదనకి కాళ్లు విరిగాయి.

అలా అని పెద్ద మ్యాచ్‌ల్లో అతనికి మచ్చే లేదని కాదు. 2019 ఫైనల్, సెయింట్ లూయిస్‌తో ఏడో మ్యాచ్, బోస్టన్‌లో. మొదటి పీరియడ్ అయిపోవడానికి ఇంకా కొన్ని సెకన్లే ఉంది, ఎదుటి జట్టు పక్‌తో దూసుకొస్తోంది. అలాంటప్పుడు ఎవరైనా వెనక్కి ఉరకాలి. మార్షాండ్ మాత్రం అలసిపోయి, ఇంకొకడు వస్తాడులే అని బెంచ్ వైపు వెళ్లిపోయాడు. అతను వదిలేసిన ఖాళీలోకి డిఫెన్స్‌మన్ పీట్రాంజెలో తీరిగ్గా వచ్చి, 8 సెకన్లు ఉందనగా గోల్ వేశాడు. 2–0. మ్యాచ్ 4–1తో పోయింది, కప్పూ పోయింది. నాలుగైదేళ్ల బాల్యం నుంచీ నేర్పే పాఠం అది, ఎదుటివాడు దాడిలో ఉండగా బెంచ్ మీదివాళ్లతో మారకూడదని. 2023లో ఇంకొకటి. 65 విజయాలు, జట్ల పట్టికలో 135 పాయింట్లతో లీగ్ రికార్డు సృష్టించిన బోస్టన్ మొదటి రౌండ్‌లో ఫ్లోరిడా మీద 3–1తో ముందుంది. అయిదో మ్యాచ్ 3–3, ఆఖరి క్షణాల్లో మార్షాండ్ ఒక్కడే గోలీ, అంటే గోల్‌కీపర్, బొబ్రావ్‌స్కీ ఎదుట. కొడితే సిరీస్ అయిపోయేది. బొబ్రావ్‌స్కీ ఆపాడు. ఓవర్‌టైమ్‌లో ఫ్లోరిడా గెలిచింది, తర్వాతి రెండు మ్యాచ్‌లూ గెలిచింది. రెండేళ్ల తర్వాత ఆ గోలీతో కలిసే కప్పు ఎత్తుతానని అతను ఆ రోజు కలలో కూడా అనుకుని ఉండడు.

ఇప్పుడు అసలు బరువైన భాగం. మార్షాండ్‌ని లీగ్ 8 సార్లు సస్పెండ్ చేసింది, మొత్తం 28 మ్యాచ్‌లు. అభిమానులు దీన్ని చిలిపితనంగా కొట్టిపారేస్తుంటారు, నాకిన కథ చెప్పి నవ్విస్తారు. నాకడం నిజానికి ఈ జాబితాలో లేనే లేదు. జాబితాలో ఉన్నవి నవ్వొచ్చేవి కావు. 2012 జనవరిలో వాంకూవర్ ఆటగాడు సామి సాలో వస్తుంటే ఒక్కసారిగా కిందికి వంగి అతని మోకాళ్ల కిందకి దూరాడు, సాలో అమాంతం తలకిందులుగా ఎగిరి పడ్డాడు, 5 మ్యాచ్‌లు. 2015 చివర్లో అదే తీరులో ఒట్టావా ఆటగాడి మీద, 3 మ్యాచ్‌లు, దాంతో బోస్టన్ దగ్గర్లో ఆరుబయట జరిగిన కొత్త సంవత్సరం మ్యాచ్ కూడా పోగొట్టుకున్నాడు. 2018 జనవరిలో న్యూజెర్సీ ఆటగాడు మార్కస్ యోహాన్సన్ తలకి మోచెయ్యి, 5 మ్యాచ్‌లు. తల దెబ్బతో యోహాన్సన్ నెలల తరబడి ఆటకి దూరమయ్యాడు. తర్వాతి ఏడాది అతను బోస్టన్‌కే వచ్చి మార్షాండ్‌తో డ్రెస్సింగ్ రూమ్ పంచుకోవాల్సి వచ్చింది. కర్ర కొసతో పొడవడం ఒకసారి, వెనక నుంచి కాలు తన్ని పడేయడం రెండు సార్లు. ఆఖరిది 2022 ఫిబ్రవరిలో, పిట్స్‌బర్గ్ గోలీ జారీని గుద్ది, ఆపైన కర్రతో మాస్క్ మీద పొడిచినందుకు 6 మ్యాచ్‌లు. అప్పటికి అతనికి 33 ఏళ్లు, కుర్రతనం అని సర్దిచెప్పే వయసు ఎప్పుడో దాటిపోయింది.

ఇవన్నీ కాక సస్పెన్షన్ పడనివి వేరే. 2011 ఫైనల్ ఆరో మ్యాచ్‌లో డేనియల్ సెడీన్ మొహం మీద వరసగా గుద్దులు గుద్దుతుంటే సెడీన్ కదలకుండా నిలబడ్డాడు, చెయ్యి కూడా ఎత్తలేదు. ఎందుకు కొట్టావని అడిగితే, కొట్టాలనిపించింది అన్నాడు మార్షాండ్. బోస్టన్‌లో దీన్ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. క్రీడాస్ఫూర్తి అన్న మాటకి నిబంధనల్లో చోటు ఉన్నంత కాలం, అదే వీడియో కమిటీ ముందు ఉండాల్సిందే.

మరి ఆ నిబంధన ఇదివరకు ఎవరినైనా ఆపిందా? క్రిస్ ప్రాంగర్‌నీ లీగ్ 8 సార్లే సస్పెండ్ చేసింది. 2008లో కింద ఉన్న రయన్ కెస్లర్ కాలిని స్కేట్ అంచుతో తొక్కినందుకు ఒక్కసారే 8 మ్యాచ్‌లు పడ్డాయి. 2015లో హాల్ అతన్ని లోపలికి పిలిచింది. బాబీ క్లార్క్ 1972లో సోవియట్ జట్టుతో సిరీస్‌లో ఖర్లామోవ్ చీలమండ మీద కావాలనే కర్రతో కొట్టాడు, అందరూ చూశారు, 1987లో అతనికీ చోటు దొరికింది. ఇంకా తమాషా, దెబ్బ తిన్న ఖర్లామోవ్ అప్పటికి చనిపోయి ఉన్నాడు, అతని పేరు హాల్‌లో చేరింది 2005లో. వీళ్లని లోపల కూర్చోబెట్టి మార్షాండ్‌కి క్రీడాస్ఫూర్తి పాఠం చెబితే వినేవాడికి నవ్వొస్తుంది. అయితే ప్రాంగర్‌తో ఒక తేడా ఉంది, అది మర్చిపోకూడదు. ప్రాంగర్‌కి ఒకే ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడి హార్ట్ ట్రోఫీ, ఉత్తమ డిఫెన్స్‌మన్ నోరిస్ ట్రోఫీ రెండూ వచ్చాయి. క్లార్క్‌కి మూడు హార్ట్‌లు. మార్షాండ్‌కి లీగ్ ఇచ్చే పెద్ద వ్యక్తిగత అవార్డు ఒక్కటీ లేదు. అంత సత్తా ఉన్నవాడి తప్పులు కాస్తారు, అంచు మీద ఉన్నవాడివి కాయరు, ఎక్కడైనా జరిగేదే.

కాబట్టి చూడాల్సింది అంచు మీద ఉన్న మిగతావాళ్లని. అంకెల్లో అతనికి అచ్చంగా సరిపోయే మనిషి డెట్రాయిట్ కెప్టెన్ హెన్రిక్ జెటర్‌బర్గ్. జెటర్‌బర్గ్‌ది 1,082 మ్యాచ్‌ల్లో 960 పాయింట్లు. 2025 వేసవి నాటికి మార్షాండ్‌ది 1,100 మ్యాచ్‌ల్లో 980. గోల్స్ మార్షాండ్‌వి చాలా ఎక్కువ, 424కి 337. కానీ జెటర్‌బర్గ్‌కి 2008 కాన్ స్మైత్ ఉంది, 2006 ఒలింపిక్ స్వర్ణం ఉంది, ప్రవర్తన మీద ఒక్క మరక లేదు. అలాంటివాడికి 2021లోనే అర్హత వచ్చినా 2025 ఎంపిక దాకా పిలుపు రాలేదు. అతని జట్టులోనే ఆడిన పావెల్ దత్సుక్‌కి మాత్రం 953 మ్యాచ్‌ల్లో 918 పాయింట్లతోనే 2024లో వచ్చింది. దత్సుక్‌కి 3 సెల్కీలు ఉన్నాయి, మర్యాదగా ఆడినందుకిచ్చే లేడీ బింగ్ ట్రోఫీలు 4 ఉన్నాయి. పొట్టివాడు, కయ్యానికి కాలు దువ్వేవాడు, ఒక కప్పు, ఒక ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు, 1,084 మ్యాచ్‌ల్లో 1,088 పాయింట్లు తెచ్చినవాడు థియో ఫ్లూరీ ఏళ్ల తరబడి బయటే నిలబడ్డాడు. అలెగ్జాండర్ మొగిల్నీ 1,032 పాయింట్లతో 16 ఏళ్లు ఎదురుచూసి 2025లో లోపలికి వెళ్లాడు. ఇంకోవైపు, 726 మ్యాచ్‌లే ఆడిన బోస్టన్ పాత హీరో కామ్ నీలీ, 663 పాయింట్లే ఉన్న గీ కార్బొన్నో లోపలే ఉన్నారు. కార్బొన్నోని ఎంచుకుంది గోల్స్ చూసి కాదు, గోల్స్ పడనివ్వనందుకు.

ఈ జాబితా చూసి ఏ సూత్రమూ తేలదు, తేలకపోవడమే ఇక్కడ విషయం. అయినా ఈ అంచు మనుషుల్లో ఒక్కొక్కరికి ఏదో ఒకటి తక్కువ. ఫ్లూరీకి గోల్స్ ఉన్నాయి గానీ గోల్స్ పడకుండా కాచే ఆట అంత లేదు. కార్బొన్నోకి ఆ కాచే ఆట ఉంది, గోల్స్ లేవు. మొగిల్నీకి రెండు సీజన్లు ఆకాశంలో ఉన్నాయి, ప్లేఆఫ్స్ మామూలు. మార్షాండ్‌కి వంద పాయింట్ల సీజన్ ఉంది, మనిషి తక్కువగా ఉన్నప్పుడు క్లబ్ రికార్డు ఉంది, ఆరేళ్ల ఆల్‌స్టార్ స్థాయి ఉంది, 14 ఏళ్ల ఎడంతో రెండు ఫైనల్స్‌ని తనవైపు తిప్పుకున్న చరిత్ర ఉంది. ఒక్క ఒలింపిక్స్ దగ్గర అంకె చిన్నదవుతుంది, అందులో అతని తప్పు కొంతే. 2014లో ఎంపిక కాలేదు, 2018, 2022లో లీగ్ తన ఆటగాళ్లని పంపనే లేదు, అంటే అతని ఉత్తమ సంవత్సరాల్లో వచ్చిన రెండు ఒలింపిక్స్ అలా చేజారాయి. వాటి బదులు 2016 ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం, అదే ఏడాది వరల్డ్ కప్, 2025లో 4 నేషన్స్ ఫేస్ ఆఫ్ టోర్నీ గెలుపు ఉన్నాయి. ఇవన్నీ కలిపి చూస్తే మొదటి మాట, అంటే సత్తా అన్న పరీక్ష, అతను దాటాడు. కష్టపడి, కొంచెం తేడాతోనే గానీ దాటాడు. రెండో మాట దగ్గర ఫెయిల్. వ్యక్తిత్వం సంగతికొస్తే డ్రెస్సింగ్ రూమ్‌లో అతనితో ఆడినవాళ్లు ఒకలా చెబుతారు, ఎదురు ఆడినవాళ్లు ఇంకోలా. బోస్టన్ లాంటి జట్టు అతనికి కెప్టెన్ గుర్తు ఇచ్చిందంటే లోపలివాళ్ల మాటకీ కొంత బరువు ఉందనే అనుకోవాలి.

చోటు ఇవ్వాలి. కానీ అర్హత వచ్చిన మొదటి ఏడాదే ఎర్ర తివాచీ పరవాల్సిన పని లేదు. ఆ 28 మ్యాచ్‌లకి ఏదో ఒక విలువ కట్టాలిగా, యోహాన్సన్ తలకి తగిలిన దెబ్బకి ఒకటో రెండో ఏళ్ల నిరీక్షణ ఎక్కువేం కాదు. అలా కాకుండా, 8 సస్పెన్షన్లున్నాయి కాబట్టి ఎప్పటికీ వద్దు అని ఎవరైనా అంటే, ముందు ప్రాంగర్ ఫలకాన్ని గోడ మీంచి దించి మాట్లాడాలి.

తొందర కూడా ఏమీ లేదు. 2025 వేసవిలో ఫ్లోరిడా అతనితో ఏడాదికి 52.5 లక్షల డాలర్ల చొప్పున 6 ఏళ్ల కాంట్రాక్ట్ కుదుర్చుకుంది. అది పూర్తిగా ఆడితే 2031లో ఆపుతాడు, మూడు సీజన్లు గడిచి 2034లో పేరు పరిశీలనకి వస్తుంది, అప్పటికి 46 ఏళ్లు. కమిటీలో మాజీ ఆటగాళ్లు కూడా ఉంటారు కాబట్టి, ఆ 18 మందిలో అతని మోచెయ్యి రుచి చూసినవాడు ఒకడైనా ఉండొచ్చు. ఆలోపు కమిటీ చేయాల్సిన పని ఇంకొకటుంది. మార్షాండ్ పేరు బల్ల మీదికి వచ్చేసరికి జెటర్‌బర్గ్ ఇంకా బయటే ఉంటే, ఆ ఏడాది ఒకటే కుర్చీ మిగిలితే, అది జెటర్‌బర్గ్‌దే.